కంబర్లాండ్ నాచు

గంట కొడితే గాని వార్డు తలుపు తీయరు. కొట్టేది మూడింటికి. నేను రెండింటికే వచ్చి నడవాలో ఈ బల్ల మీద కూర్చున్నాను. ఒళ్ళో సంచీ, సంచీలో ఉన్నిగుడ్డ చుట్టిన సీసా, సీసాలో మా ఎలినెడ్ కోసం రోజూ తెచ్చే లావర్ ముద్ద, సముద్రపు నాచు మెత్తగా ఉడికించింది. ఇంకా వెచ్చగానే ఉంది. తొడల మీద ఆ వెచ్చదనం తెలుస్తూనే ఉంది. తీసి పక్కన పెడదామంటే చెయ్యి రావడం లేదు, ఒళ్ళో ఉంచుకుందామంటే మనసు ఒప్పడం లేదు. నిన్నటిదాకా ఇదే సీసా కోసం బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా పోట్లాడేదాన్ని, జాగ్రత్తయ్యా, కడుపుతో ఉన్న పిల్ల తినేది ఉంది ఇందులో, అని. ఇవాళ ఎవరైనా తోసేస్తే బాగుండును, కిందపడి పగిలిపోతే బాగుండును అనుకుంటూ వచ్చాను. ఎవరూ తొయ్యలేదు. పెద్దదాన్నని లేచి చోటు కూడా ఇచ్చారు.

ఆ తలుపు అవతల నా కూతురు ఉంది. ఆరు మంచాల గది, కిటికీ పక్కది దానిది. ఏడో నెల. రక్తం తక్కువ, కాళ్ళు వాచాయి, మంచం దిగకూడదన్నారు. పోయినసారి కూడా ఏడో నెలే. అప్పుడు ఆస్పత్రిదాకా రానేలేదు. మా ఊరు పెన్‌క్లౌడ్‌లో మా ఇంట్లోనే, నా మంచం మీదే పుట్టింది పిల్ల. ఏడవలేదు. చిటికెన వేలికి గోరు కూడా ఉంది, నేను చూశాను. తల్లికి చూపించొద్దని మంత్రసాని అంటే సరేనని గుడ్డలో చుట్టి నేనే అవతలి గదిలోకి తీసుకుపోయాను. ఎంత తేలిగ్గా ఉందో. వద్దు, ఇప్పుడు అది వద్దు. ఇప్పుడు నేను పొద్దున్న హాలం అన్న మాటలు ఒక్కొక్కటీ వరసగా గుర్తు తెచ్చుకోవాలి, లోపలికి వెళ్ళాక ఈ సీసా దాని చేతికివ్వాలా వద్దా, ఇవ్వకపోతే ఏం చెప్పి ఇవ్వకూడదు, అది తేల్చుకోవాలి. నాకున్నది ఈ ఒక్క గంటే.

హాలం ప్రభుత్వం మనిషి అని ఇవాళే తెలిసింది. నెలకొకసారి స్వాన్సీ బజారుకి వచ్చి, నేను లావర్ అమ్మే బల్ల ముందు టోపీ తీసి నిలబడి, ఒక సీసాడు లావర్ కొనుక్కుపోయే ఇంగ్లీషాయన అనే ఇన్నాళ్ళూ తెలుసు. ఇంగ్లీషువాళ్ళు మా తిండి చూస్తే మొహం తిప్పుకుంటారు. నల్లగా పేడముద్దలా ఉంది, దీన్ని నోట్లో ఎలా పెట్టుకుంటారమ్మా అంటారు. ఈయన అలా అనలేదు. వానొచ్చినా మంచు పడినా వచ్చేవాడు. నా పక్క బల్ల మా ఆడబిడ్డ టెగ్వెన్‌ది, ఆవిడ నోరు ఊరుకుంటుందా?

"అదుగో మరదలా, నీ పెళ్ళికొడుకు వస్తున్నాడు. జుట్టు సర్దుకో."

"నీ నోరు పడిపోను! వినపడుతుంది వదినా."

"వినపడితే ఏం? వాడికి మన భాష వచ్చి చావదుగా. మా తమ్ముడు పోయి ఎన్నేళ్ళయిందే, నేనేమీ అనుకోనులే, కానియ్."

నిజం చెప్పొద్దూ, ఆయన వచ్చే రోజుల్లో నేను ఉతికిన ఏప్రన్ కట్టుకునేదాన్ని. సీసా నిండాక ఒక చెంచా కొసరు వేసేదాన్ని. ఎవరికీ వెయ్యని కొసరు. అంత ఇష్టంగా తినే మనిషికి వెయ్యకపోతే ఎలా అనిపించేది. ఇంటికి పోయి ఒంటరిగా బల్ల ముందు కూర్చుని, బ్రెడ్డు మీద రాసుకుని తింటున్నాడని ఊహించుకునేదాన్ని. సిగ్గులేని దాన్ని. ఆయన ఒక్క చెంచా కూడా తినలేదు. తీసుకుపోయి ఎండబెట్టాడు, కాల్చి బూడిద చేశాడు, ఆ బూడిదని యంత్రం కింద పెట్టాడు. నా కొసరు కూడా కలిపి.

నడవాలో నేల కడిగే కార్బాలిక్ మందు వాసన. గోడకి సగం దాకా ఆకుపచ్చ రంగు, పై సగం తెలుపు. ఎదురు బల్ల మీద ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు, కనురెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు ఉంది, గనిలో దిగేవాడు, ఎంత కడిగినా అక్కడ పోదు. చేతిలో పువ్వులు, వాటిని ఎలా పట్టుకోవాలో తెలియక తలకిందులుగా పట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. నా వేళ్ళు సంచీ మీద ఉన్నాయి, చూసుకుంటే ఈ వేళ్ళూ అంతే, గోళ్ళ చుట్టూ ముదురాకుపచ్చ, ఎంత తోమినా పోదు. నాచు కడిగీ కడిగీ వచ్చిన రంగు. ఇసక పోవాలంటే నీళ్ళు మార్చి మార్చి కడగాలి, చలికాలం పెరట్లో తొట్టి మీది మంచు పగలగొట్టి చేతులు పెడితే మోచేతుల దాకా చచ్చుబడిపోయేవి. ఆ తర్వాత రాగి కాగులో పొద్దున్నించి సాయంత్రం దాకా ఉడకాలి. ఉడికిందో లేదో ముక్కుకి తెలుస్తుంది, అయినా చెంచాతో తీసి నాలిక మీద వేసుకుంటాం. నేను తిన్నదెంత, ఈ లెక్కన? నా సంగతి సరే. నాకు భయం లేదు. నా కడుపు ఎప్పుడో ఎండిపోయింది.

అసలు ఈ నాచు మా సముద్రానిది కూడా కాదు. అదే, అదే నా గుండెని నొక్కుతోంది. మా తీరాన రాళ్ళ మీద లావర్ లేదా? ఉంది. మా అమ్మ మా రాళ్ళ మీదదే పీక్కొచ్చి వండేది. కానీ ఇవతల రాగి కార్ఖానాలు, అవతల స్టీలు కార్ఖానా, అలలు ఒడ్డుకి వస్తే నురగ బూడిద రంగులో ఉండేది. నాన్న రాగి కొలిమి దగ్గర పనిచేసి పచ్చగా దగ్గి దగ్గి పోయాడు. ఆయన మంచాన ఉన్నప్పుడు కంపెనీ డాక్టరు ఇంటికొచ్చి, గాలి పరీక్ష చేశామమ్మా, ఉండాల్సినదాని కంటే ఎక్కువేమీ లేదు, అన్నాడు. అప్పట్నించీ నాకు మా నీళ్ళంటే అసహ్యం. గోమర్‌ని పెళ్ళి చేసుకున్నాక, ఆయన గూడ్సు బండి గార్డు కదా, ఉత్తరాన కంబర్లాండ్‌లో ఒక మనిషి ఉన్నాడు, జాస్ టైసన్ అని, అక్కడ రాళ్ళ నిండా లావరే, వాళ్ళు తినరు, గొర్రెలు తింటాయి, అడిగితే గోనెసంచుల్లో వేసి రైలెక్కిస్తాడు అన్నాడు. మొదటి సంచి గవర్టన్ స్టేషన్లో దించిన రోజు నేనే వెళ్ళాను. మూతి విప్పితే వాసన! మంచి ఉప్పుగాలి, చల్లటి రాయి వాసన. మసి లేదు, నూనె లేదు. ఆకులు పట్టుబట్టలా జారిపోతున్నాయి. ఏడుపొచ్చింది నాకు. ఇదీ సముద్రమంటే, అనుకున్నాను.

నీలం రంగుతో బోర్డు రాయించాను, కంబర్లాండ్ నాచు అని. బజారంతా నా బల్ల దగ్గరే. కాన్పు అయినవాళ్ళకి, జబ్బు పడి లేచినవాళ్ళకి, పాలు పడనివాళ్ళకి, అందరికీ నాదే. శుభ్రమైన నీళ్ళలో పెరిగింది తల్లీ, మన మురికి కాదు, అని నేను చెప్పి మరీ అమ్మాను. టెగ్వెన్ కొన్నాళ్ళు మొండికేసి మా తీరానే ఉన్న గవర్ రాళ్ళ మీదదే అమ్మింది. వదినా, నీ నాచులో సగం స్టీలు కార్ఖానా మసే కదా, చెంచాకి అయస్కాంతం తగిలిస్తే లేచొచ్చేస్తుంది, అని పదిమందిలో ఏడిపించాను. చివరికి ఆవిడా జాస్‌కే చెప్పి తెప్పించుకుంది. ఆ తర్వాత మా వీధి వీధంతా. ఇప్పుడు మా ఊళ్ళో కాగులన్నిటిలో ఉడికేది కంబర్లాండ్ నాచే. మురికికి భయపడి, రైలు కిరాయి ఇచ్చి, వందల మైళ్ళ అవతల నించి మేం ఏం తెప్పించుకున్నాం? ఏం తెప్పించుకున్నామో కంటికి కనపడదట. వాసన ఉండదట. రుచి మారదట.

జాస్ ఒకసారి మా చాపెల్‌లో, అదే మా ప్రార్థన మందిరంలో, పాటల పండగకి వచ్చాడు. మా ఇంట్లోనే భోజనం. లావర్ పెడితే కంచంలో అటూ ఇటూ తిప్పి, క్షమించమ్మా, మా గొర్రెల తిండి నా వల్ల కాదు, అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడే చెప్పాడు, వాళ్ళ తీరాన పెద్ద అణు కార్ఖానా కట్టారని, వాళ్ళ అబ్బాయికి అందులో ఉద్యోగం దొరికిందని, తెల్ల కోటు ఇచ్చారని. ఇంత లావు గొట్టం, సముద్రం అడుగున రెండు మైళ్ళు పోతుంది, చూడాలి మీరు, అని చేతులు చాపి చూపించాడు. గోమర్ బంగాళాదుంపలు వడ్డిస్తూ, అంత గొట్టం ఎందుకయ్యా అనడిగాడు. జాస్‌కి తెలీదు. ఏవో కడుగునీళ్ళట, అన్నాడు. నేను పుడ్డింగు తీసుకురావడానికి వంటింట్లోకి వెళ్ళాను. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది, ఇవాళ పొద్దుటి దాకా మళ్ళీ గుర్తు రాలేదు.

ఇవాళ పొద్దున్న హాలం మామూలుగానే వచ్చాడు. టోపీ తీశాడు. నేను సీసా నింపుతున్నాను. ఎప్పుడూ ఏవో అడుగుతుండేవాడు, మీ వాళ్ళలో ఎక్కువగా ఎవరు తింటారు, రోజూ తింటారా, ఎంత తింటారు అని. తిండి మీద ప్రేమ అనుకున్నాను. మా దగ్గర కంచం నిండా తినే పిల్ల ఉంటే అది లోటు లేని ఇల్లు అని లెక్క. అందుకని మొదట్లోనే గొప్పగా చెప్పాను, మా అమ్మాయేనండీ, పొద్దున్న ఓట్స్ పిండి కలిపి పందికొవ్వులో వేయించి, మధ్యాహ్నం బ్రెడ్డు మీద, సాయంత్రం చెంచాతో ఉత్తదే, ఈ చుట్టుపక్కల దాన్ని మించి తినేవాళ్ళని చూపించండి చూద్దాం, అని. ఇవాళ మర్యాదకి అడిగాడు, మీ అమ్మాయి కులాసాయేనా అని. ఆస్పత్రిలో ఉందండీ, ఏడో నెల, రక్తం లేదు, రోజూ ఒక సీసాడు నేనే తీసుకెళ్ళి ఇస్తున్నాను, అన్నాను. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది వెళ్ళినట్టే ఆగిపోయింది.

"మిసెస్ ప్యూ," అన్నాడు. "కొన్నాళ్ళు... వేరే ఏదైనా పెట్టకూడదూ ఆమెకి? కాలేయం లాంటిది."

"ఎందుకండీ? డాక్టరే చెప్పాడు ఇది పెట్టమని."

అటూ ఇటూ చూశాడు. టెగ్వెన్ టీ కోసం వెళ్ళింది. అప్పుడు చెప్పాడు, మెల్లిగా, నాకు అర్థమయ్యే చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో. అణు కొలిమిలో కాలిన ఇంధనాన్ని ఆ కార్ఖానాకి తెచ్చి ఆమ్లంలో కరిగిస్తారట, కావలసింది తీసుకుంటారట, మిగిలిన కడుగునీళ్ళు గొట్టంలోంచి సముద్రంలోకి పోతాయట. సముద్రం పెద్దది, కలిసిపోతుంది. కానీ ఆ నీళ్ళలో కిరణాలు చిమ్మే పదార్థాలు కొన్నిటిని లావర్ పోనివ్వదు, పట్టుకుని తనలో దాచుకుంటుంది. ఎంత దాచుకుందో లెక్కపెట్టడమే ఆయన ఉద్యోగం. ఇదంతా రహస్యం కాదన్నాడు, వాళ్ళ పుస్తకాల్లో అచ్చు వేస్తారట. ఏ పుస్తకాలు? మా బజారులో ఎవరు చదివారు? గొంతు మాత్రం తగ్గించే చెప్పాడు.

"భయపడకండి. మేం పెట్టిన హద్దు లోపలే ఉంది."

"ఎవరి కోసం పెట్టారండీ ఆ హద్దు?"

"అందరికంటే ఎక్కువ తినే మనిషిని దృష్టిలో పెట్టుకుని. వాళ్ళకే ఏమీ కాదంటే మిగతావాళ్ళకీ కాదు కదా."

"అంటే మా ఎలినెడ్."

"పేర్లతో మాకు పని లేదు."

"దాని కడుపులో ఉన్నదాని కోసం ఏ హద్దు పెట్టారు?"

టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "అదీ చూసే ఉంటారు. చూశారనే అనుకుంటున్నాను," అన్నాడు. చెడ్డవాడు కాదు. చెవులు ఎర్రబడ్డాయి. మీ ఆవిడకి పెడతారా ఇది, అనడిగాను. మా ఆవిడకి ఈ రుచి పడదండీ, అన్నాడు. ఆ మాట అన్నాక ఇద్దరం సీసా వైపు చూశాం. ఊరంతా గోల చేయొద్దు, అనవసరంగా జనం బెదిరిపోతారు, మీ వ్యాపారాలే దెబ్బతింటాయి, అన్నాడు. డబ్బిచ్చాడు. నేను అలవాటు కొద్దీ కొసరు వేశాను. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఆయన అటు వెళ్ళాడో లేదో టెగ్వెన్ టీ గ్లాసులతో వచ్చి, ఏమిటే అంతసేపు, ముహూర్తం పెట్టుకున్నారా, అంది. నా మొహం చూసి ఆగిపోయింది. తల పగిలిపోతోంది వదినా, ఇంటికి పోతున్నా అన్నాను. ఏం చెప్పను ఆవిడకి? మొగుడు లేడు, పిల్లల్లేరు, ఆ బల్లే ఆవిడ మొగుడూ పిల్లలూ. ఈ ఏడు మేం ఏరి అమ్ముకునే గుల్లలు కూడా లేవు, ఇసకమేటల్లో తవ్వినా తవ్వినా చచ్చిన చిప్పలే వస్తున్నాయి, ఊరు ఊరంతా ఈ నాచు మీదే పొయ్యి వెలిగిస్తోంది. నేను ఒక్క మాట అంటే రేపటికి బజారంతా, ఎల్లుండికి లోయల్లోని గని ఊళ్ళన్నీ పాకిపోతుంది. ఎవడు కొంటాడు? చాపెల్‌లో నా పక్కన ఎవరు కూర్చుంటారు? పైగా నేనే కదా తెప్పించింది, నేనే కదా బోర్డు రాయించింది. ఏమో, హాలం చెప్పినట్టు నిజంగానే ఏమీ కాదేమో. హద్దు లోపలే ఉందన్నాడుగా. నాన్న దగ్గర కూచుని ఆ డాక్టరూ ఇదే గొంతుతో చెప్పాడు. ఒకేలాంటి గొంతు. పరుపు మీద కూర్చుని చెప్పే గొంతు.

ఒక్కటే దారి కనపడుతోంది. ఎలినెడ్‌కి పెట్టను, ఎవరికీ చెప్పను. ఇవాళ సీసా మర్చిపోయానంటాను. రేపు కాగు అడుగంటిందంటాను. ఎల్లుండి నించి కాలేయం వండి తెస్తాను. అది దానికి నచ్చదు, అలుగుతుంది, అలగనీ. ప్రసవం అయ్యేదాకా ఎలాగో లాక్కొస్తాను. తర్వాత సంగతి తర్వాత. సంచీలోంచి సీసా తీశాను. గుడ్డతో సహా మెల్లిగా బల్ల కిందికి, గోడ వైపుకి తోశాను. ఊడ్చేవాళ్ళు ఎవరో పారేస్తారు. చేతులు ఏప్రన్‌కి తుడుచుకున్నాను. ఒక్క క్షణం గాలి ఆడింది.

"అమ్మా, పడిపోయిందండీ." ఎదురుగా కూర్చున్న కుర్రాడు వంగి, సీసా తీసి, ఊది మరీ నా ఒళ్ళో పెట్టాడు. "పగల్లేదులెండి. ఇది పగిలితే మావాళ్ళు నన్ను లోపలికి రానివ్వరు."

"మీవాళ్ళా?"

"నేను నెస్టా మొగుణ్ణండీ, మీ అమ్మాయి పక్క మంచం. రోజూ పని దిగి సాయంత్రం వచ్చేవాణ్ణి. మీరు ఎలినెడ్ వాళ్ళమ్మ కదూ? మీరు అటు వెళ్ళగానే ఆరుగురూ చెంచాలు పట్టుకుని కూర్చుంటారు, లావరమ్మ సీసా తెచ్చిందని. మీ అమ్మాయి దేవత, తనకి ఉంచుకోకుండా అందరికీ తలా ఒక చెంచా పెడుతుంది. మా నెస్టాకి వారంలో రంగొచ్చిందండీ మొహంలో."

నేనేం అన్నానో నాకు తెలీదు. ఏదో అన్నాను. ఆరుగురు. నేను రోజూ తెచ్చిన సీసా ఎందుకు అంత శుభ్రంగా నాకినట్టు ఖాళీగా తిరిగొచ్చేదో ఇప్పుడు తెలిసింది. రెండు సీసాలు తేమ్మా అని ఎందుకు అడిగిందో. మురిసిపోయాను అప్పుడు, నా బిడ్డకి ఆకలి పుట్టిందని. ఆరుగురు తల్లులు, ఆరు కడుపులు. నెస్టాకి మొదటి కాన్పట, ఈ కుర్రాడు చెప్పుకుపోతూనే ఉన్నాడు, మగపిల్లాడైతే గనిలోకి పంపనండీ, చదివిస్తానండీ, అంటున్నాడు. వీడికి చెప్పెయ్యనా? నీ పెళ్ళానికి పెట్టొద్దయ్యా అని ఒక్క ముక్క? ఎందుకని అడుగుతాడు. అడిగితే మొత్తం చెప్పాలి. ఉడికిన నాచు వాసన గుడ్డలోంచి వస్తోంది, పుట్టినప్పటి నించీ నాకు తెలిసిన వాసన, అమ్మ చీకట్లో లేచి పొయ్యి రాజేసినప్పటి వాసన. ఎప్పుడూ నాకు ధైర్యం ఇచ్చే వాసన. గుడ్డ కొస లాగి సీసా మూతి మీద గట్టిగా కప్పాను.

పోయినసారి పిల్ల. మళ్ళీ అక్కడికే వస్తోంది బుర్ర, ఎంత పక్కకి లాగినా దూడలా అక్కడికే పరిగెడుతోంది. అప్పుడు కూడా నేను రోజూ పెట్టాను. మూడు పూటలా. వేవిళ్ళతో వద్దంటే బలవంతంగా పెట్టాను, నీ కోసం కాకపోతే లోపలిదాని కోసం తిను అని. పొద్దున్న హాలంని అదే అడగబోయాను, గొంతు దాకా వచ్చింది, అడగలేకపోయాను. లేదు అంటాడని కాదు. అవును అంటాడనీ కాదు. తెలీదు అంటాడని. ఈ లోకంలో ఎవరికీ తెలీదు, ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఊరికే పోయి ఉండచ్చు, పిల్లలు ఊరికే పోతారు, మా అమ్మకి ఇద్దరు పోయారు, అప్పుడు గొట్టాలు లేవు, కార్ఖానా లేదు. ఇలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడుతుంది. మళ్ళీ ఆ గోరు గుర్తొస్తుంది. ఎలినెడ్ ఈ మాట నన్ను అడక్కూడదు. ఏదైనా అడగనీ, తిట్టనీ, ఇది మాత్రం అడక్కూడదు. దేవుడా, అందుకే కదా నేను నోరు మూసుకుందామనుకుంటున్నది. వ్యాపారం కోసం కాదు, చాపెల్ కోసం కాదు, టెగ్వెన్ కోసం కూడా కాదు. దీని కోసం. ఇప్పుడు తెలిసింది.

గంట కొట్టారు.

తలుపులు తెరుచుకున్నాయి, కుర్రాడు పువ్వులు సరిగ్గా పట్టుకుని నాకంటే ముందు దూరిపోయాడు. నేను సీసా సంచీ అడుగుకి తోసి, పైన స్వెట్టర్ కప్పి, మొహం మీదికి నవ్వు తెచ్చుకుని నడిచాను. మర్చిపోయానే తల్లీ, మర్చిపోయానే తల్లీ, అని లోపల వల్లె వేసుకుంటూ. కిటికీ దగ్గర ఎవరో వీపు తిప్పి కూర్చున్నారు. నల్ల శాలువా. టెగ్వెన్.

"వచ్చావా? తలనొప్పన్నావు, ఇంటికి పోయి పడుకున్నావనుకున్నానే," అంది వెనక్కి తిరిగి. "పిల్ల ఆకలితో ఉంటుందని బల్ల మూసేసి వచ్చా. వంటామె మన చాపెల్ మనిషే, వెనక తలుపు తీసింది. చూడు, ఎలా తింటోందో! నాది నీదాని కంటే మెత్తగా ఉందట, నీ కూతురే అంది."

సీసా పరుపు మీద ఉంది, సగం ఖాళీ. గదిలో చెంచాలు కదులుతున్నాయి. పక్క మంచం మీద నెస్టా, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, కళ్ళు మూసుకుని చెంచా చప్పరిస్తోంది. ఎలినెడ్ నోటి నిండా పెట్టుకుని నన్ను చూసి నవ్వింది, పళ్ళన్నీ నల్లగా, చిన్నప్పుడు నవ్వినట్టు. ఇంకో చెంచా ఎత్తింది.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలీదు. చెంచా పోయి ఇనప మంచానికి తగిలి గదంతా మోగింది.

"ఉమ్మెయ్యి," అన్నాను. "ఉమ్మెయ్యవే! మీరూ ఉమ్మెయ్యండమ్మా, అందరూ. తినకండి."

"నీకు మతి పోయిందా?" అంది టెగ్వెన్. "నా చేత్తో వండింది, నా మేనకోడలికి నేను విషం పెడతానా?"

"నువ్వు కాదు వదినా. నువ్వు పెట్టలేదు."

చెప్పేశాను. నిలబడే చెప్పాను, బజారులో కేకేసే గొంతుతోనే, నాకున్నది అదొక్కటే గొంతు. కార్ఖానా, గొట్టం, కడుగునీళ్ళు, బూడిద చేసి లెక్కపెట్టే మనిషి. హద్దు లోపలే ఉందన్నాడని కూడా చెప్పాను, దాచలేదు. నర్సు పరిగెత్తుకొచ్చి ఏమిటీ గోల అంది. కుర్రాడు వెళ్ళి పెళ్ళాం చేతిలోంచి చెంచా తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. టెగ్వెన్ తన సీసా మూత బిగిస్తోంది. బిగించిందే బిగిస్తోంది, మూత తిరగడం ఆగిపోయినా. నా వైపు చూడలేదు.

ఎలినెడ్ అరవలేదు. నోట్లోది మింగేసింది అప్పటికే. దుప్పటి అంచుతో పెదాలు తుడుచుకుని, ఆ నల్లటి మరక వైపు చూసింది.

"అమ్మా," అంది. "అప్పుడు కూడా రోజూ తిన్నాను కదే."

"తిన్నావు."

"నువ్వే పెట్టావు."

"నేనే పెట్టాను తల్లీ."

"అయితే అది దీనివల్లేనా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అది నా మొహంలోకే చూస్తోంది, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎప్పుడొస్తాడని అడిగి జవాబు కోసం చూసినట్టు. అబద్ధం ఎంత తేలిక. ఒక్క మాట.

"తెలీదమ్మా," అన్నాను. "వాళ్ళకీ తెలీదు."

దగ్గరికి వెళ్ళి దాని పొట్ట మీద చెయ్యి వెయ్యబోయాను, రోజూ వేసినట్టే. నా వేళ్ళ వైపు చూసింది. దుప్పటి పైకి లాక్కుని, రెండు చేతులతో పొట్టని కప్పుకుని, గోడ వైపుకి జరిగింది.